డుడుమకు వెళ్తే లోయ చూడాలి

వనభోజనాలంటే ఒడిశా కోరాపుట్ జిల్లా సునాబెడలో మా తెలుగువాళ్ళకు ఏటా కొలాబ్ డ్యాం పార్కే గతి. ఉసిరిచెట్టు కింద చోటు కోసం తెల్లారకముందే చాపలు పరిచి కాపలా కాయడం, పక్క బృందం మైకులో అంత్యాక్షరి వినడం. ఈ కార్తీకంలో అవేవీ వద్దు, డుడుమ జలపాతానికి వెళ్దాం అన్నాడు మాలో ఒకడు. ఆదివారం కాకుండా గురువారం పెట్టుకున్నాం, దారిలోని ఒనకఢిల్లీ సంత గురువారమే కాబట్టి. సెలవు దొరకదని సణిగింది బ్యాంకులో పనిచేసే మిత్రుడొక్కడే. చివరికి కారు తెచ్చింది కూడా వాడే.

మా బ్యాచ్ అంతా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం. 1960లలో సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాల పిల్లలం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, తిట్టుకోవడానికి రెండూ. ఒకడు మాత్రం అసలు సిసలు ఒడియావాడు. చిన్నప్పటి నుంచి మాతో తిరిగి తిరిగి, "ఏట్రా బాబూ" అనడంలో మమ్మల్ని మించిపోయాడు.

సెమిలిగుడ దాటి నందపూర్ రోడ్డెక్కేసరికి మంచు ఇంకా వీడలేదు. ఈ పీఠభూమి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు, దసరా వెళ్ళగానే మాకు స్వెట్టర్లు బయటికొస్తాయి. కాసేపటికి ఎండ తగిలి మంచు లేచింది. లేచేసరికి రోడ్డుకు రెండు వైపులా పసుపు! వలిసె పూలు. అరకులో రైతుకు డబ్బులిచ్చి మరీ ఫోటోలు దిగే ఈ పూలు ఇక్కడ ఎవరూ పట్టించుకోకుండానే కొండవాలంతా పూస్తాయి. కారాపి చేలోకి దిగాం. ముందు తేనెటీగల రొద వినిపించింది. పువ్వు చిన్నదే, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. మధ్య బొడ్డు ముట్టుకుంటే వేలికి పుప్పొడి అంటుకుంది, మోకాళ్ళ దాకా ప్యాంట్లు పచ్చబడ్డాయి. ఇది చూడ్డానికి వేసే పంట కాదు, గింజలు ఆడించి నూనె తీస్తారు.

గట్టు మీద ఒక పెద్దాయన సొరబుర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మా ఒడియా మిత్రుడు దేశియా అనే ఇక్కడి యాసలో పలకరించగానే ఆయన అడ్డాకు దొప్ప చుట్టి అందులో అంబలి పోశాడు. చోడి అంబలే, ఇక్కడ మండియా పేజ్ అంటారు. కొంచెం పులిసి, చల్లగా, గొంతులో గరగరమంటూ దిగింది. మా అమ్మమ్మ అంబలిలో మజ్జిగ పోసేది, ఇందులో అది లేదు, ఆ లోటూ తెలియలేదు. డబ్బులిస్తే వద్దన్నాడు. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం మనవడికని తీసుకున్నాడు.

లమ్తాపుట్ దగ్గర టీ తాగాం. ఆ టీ గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

ఒనకఢిల్లీ మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు వల్ల పెరిగిన ఊరు. బోర్డులు ఒడియాలో ఉన్నా దుకాణాల్లో సగం మాటలు తెలుగే. సంత అప్పటికే నిండిపోయింది: అల్లం, పసుపు కొమ్ములు, కొండ చీపుళ్ళు, దూరం నుంచే తెలిసిపోయే ఎండు చేపలు. కొండల నుంచి దిగిన బోండా గిరిజన ఆడవాళ్ళు మెడనిండా లోహపు కడియాలతో, పూసల దండలతో బేరాలాడుతున్నారు. మాలో ఒకడు జేబులోంచి ఫోన్ తీయబోతే ఒడియా మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపేశాడు. వాళ్ళ ఫోటోలు తీయడం మీద ఒడిశా ప్రభుత్వ ఆంక్షలున్నాయి. ఆంక్షలు లేకపోయినా అంతే అనుకోండి. మనం రైతుబజార్లో టమాటాలు ఏరుకుంటుంటే ఎవడో వచ్చి మొహం మీద కెమెరా పెడితే ఊరుకుంటామా? మేం అల్లం కొన్నాం, చీపుళ్ళు కొన్నాం, బయటపడ్డాం.

ఇక డుడుమ. వ్యూ పాయింట్ దగ్గర అందరి నోటా ఒకటే మాట: "ఇంతేనా నీళ్ళు?"

175 మీటర్ల జలపాతం, అంటే 570 అడుగుల పైమాటే. అంత ఎత్తు నుంచి దిగుతున్నవి రెండు తెల్లటి పాయలు. వానలు బాగా పడినా ఇంత సన్నగా ఎందుకంటే, ఇక్కడి నీళ్ళకు వేరే పనుంది. ఎగువన జోలాపుట్‌లో 34 టీఎంసీల జలాశయం కట్టి మాచ్‌ఖండ్ నదిని నిలబెట్టారు. అక్కడి నుంచి వదిలిన నీళ్ళను జలపాతానికి కాస్త పైనే డైవర్షన్ డ్యాం దగ్గర పక్కకు మళ్ళించి, పెద్ద పైపుల్లో లోయ అడుగున ఉన్న పవర్‌హౌస్‌కు దింపుతారు. అంటే జలపాతంలో దూకాల్సిన నీరే పైపుల్లో దూకుతోంది. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు, ఆంధ్ర ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. 1955 నుంచీ ఇదే వరస. మిగిలిపోయి పొర్లినదే మన కంటికి జలపాతం. నిండుగా చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరులో రావాలి. కానీ అప్పుడు తరచూ తుంపర, మబ్బు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకే నా మాట వినండి, కార్తీకంలోనే రండి, వచ్చాక జలపాతాన్ని పది నిమిషాలు చూసి లోయవైపు తిరగండి.

ఆ లోయని మేమంతా గంటల తరబడి చూశాం. పై పీఠభూమి నుంచి నది కింది మెట్టుకు దిగే చోటు ఇది. రెండు పక్కలా రాతి గోడలు నిట్టనిలువుగా నిలబడ్డాయి. రాయి విరిగిన చోట ఎర్రగా తుప్పు రంగు, వాన జారిన చోట నల్లటి చారలు. చిన్న పగులు దొరికితే చాలు అందులో ఒక చెట్టు. మా కాళ్ళ కింద, బాగా కింద, గద్ద ఒకటి రెక్క కదపకుండా తిరుగుతోంది. గద్ద వీపు చూడటం మాకెవరికీ అలవాటు లేదు. మధ్యాహ్నం రెండు దాటాక ఒక గోడ నీడ ఎదుటి గోడ మీదికి ఎక్కడం మొదలైంది. అడుగున నది ముందే చీకట్లోకి వెళ్ళిపోయింది, పైన చెట్ల కొనల మీద మాత్రం ఎండ. బ్యాంకు మిత్రుడికి ఎత్తంటే టెన్షన్. రెయిలింగ్‌కు రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, మాకంటే ఎక్కువసేపు చూసింది వాడే.

అక్కడే ప్రాజెక్టులో పనిచేసి రిటైరైన ఒక విజయనగరం బాబాయి కలిశాడు. పవర్‌హౌస్‌కు దిగడానికి కొండవాలున పట్టాల మీద ఇనుప తాడుతో లాగే వించ్ ట్రాలీ ఉంది, డ్యూటీకి అందులోనే వెళ్ళేవాళ్ళట. "మొదటి వారం కళ్ళు మూసుకుని దిగేవాణ్ణి. తరవాత అందులోనే కునుకు తీసేవాణ్ణి" అన్నాడు. మాకు అనుమతి లేదు, దిగలేదు.

భోజనం దగ్గర గొడవైంది. ఇద్దరు వెదురుబొంగు చికెన్ కావాలన్నారు, ఒకడికి కార్తీకం అయ్యేదాకా నీచు ముట్టననే నియమం. పొయ్యిలు వేరు, దూరం పది గజాలు అని రాజీ కుదిరింది. పులిహోర కాలాజీరా బియ్యంతో చేసి తెచ్చారు. మా కోరాపుట్ కాలాజీరాకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని ప్రతి పొట్లం మీదా గొప్ప. అలాంటి వాసన ఉన్న బియ్యంలో చింతపండు పులుసు కలపడం నా ఉద్దేశంలో అన్యాయం. వేడన్నం, నెయ్యి, అంతే ఉండాలి. ఆ మాటంటే వండి తెచ్చినవాళ్ళకు కోపం వచ్చింది.

తింటూ నది లెక్కలు తీశాం. మాచ్‌ఖండ్ పుట్టేది ఆంధ్రలోని మాడుగుల కొండల్లో. ఇక్కడ దూకి, కిందికి వెళ్ళి సీలేరు అవుతుంది. మా ఇంటి పక్క కొలాబ్ వేరే దారిన వెళ్ళి శబరి అవుతుంది. రెండూ మోటు దగ్గర కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడతాయి. "అంటే రాజమండ్రిలో పుష్కర స్నానం చేసినవాడు మన కొలాబ్ నీళ్ళలో మునిగినట్టేరా" అన్నాడు ఒడియా మిత్రుడు. ఎవరూ కాదనలేకపోయాం.

తిరుగు దారిలో నందపూర్‌లో ఆగాం. జయపురం రాజుల పాత రాజధాని ఇది. బత్రిసా సింహాసన్ అనే ముప్పై రెండు మెట్ల రాతి సింహాసనం ఇక్కడే ఉంది. విక్రమార్కుడి సింహాసనానికీ దీనికీ స్థానికులు ముడిపెడతారు. నియమం ఉన్నవాడు పై మెట్టు మీద కూర్చుని, చికెన్ తిన్నవాళ్ళకు శిక్షలు ప్రకటించాడు: కారు కడగాలి, పెట్రోలు పోయించాలి.

విశాఖ నుంచి వచ్చేవాళ్ళకు అరకు, ముంచంగిపుట్టు, జోలాపుట్ మీదుగా దారుంది. పెట్రోలు అరకులోనే నింపుకోండి. సంత చూడాలంటే గురువారం పొద్దున్నే చేరాలి. ఘాట్ మలుపుల్లో చీకటి పడితే కష్టం కనుక నాలుగింటికల్లా డుడుమ నుంచి బయలుదేరండి. వించ్ ఎక్కాలని సరదా ఉంటే ప్రాజెక్టు అధికారులను ముందే అడగండి, గేటు దగ్గర బతిమాలితే పని జరగదు.