కోర్టు తేదీ టెక్సాస్‌లో, పిల్లవాడు నెల్లూరులో

టెక్సాస్‌లో కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలకి మే నెలలో స్పీడింగ్ టికెట్ పడితే, దాని మీదుండే తేదీ చాలాసార్లు సెలవులకి నెల్లూరొచ్చిన రోజుల్లోనే పడుతుంది. అది విచారణ తేదీ కాదు, ఆలోపు కోర్టుకి జవాబు చెప్పాలన్న గడువు. దాన్ని దాటేస్తే హాజరు కానందుకు ఇంకో కేసు, వారెంటు, లైసెన్సు రెన్యువల్‌కి అడ్డు. అసలు కేసుకన్నా ఈ తలనొప్పే పెద్దది.

ఇంట్లో తాతయ్య "కట్టేసి వదిలించుకోండి అబ్బయ్యా" అంటారు. ఇక్కడ హైవే మీద ఈ-చలానా పడితే అందరూ చేసేది అదే కదా. అక్కడ జరిమానా కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టు. అది డ్రైవింగ్ రికార్డులోకి ఎక్కుతుంది, ఇన్సూరెన్సు పెరుగుతుంది. అందుకే విమానం ఎక్కేముందే టికెట్ తీసి పిల్లవాడి చేతే చదివించండి.

ముందు చూడాల్సింది వయసు. 17 నిండకపోతే ఉత్తరం రాసి ముగించే వీల్లేదు. తల్లో తండ్రో వెంట ఉండగా జడ్జి ముందు నిలబడి తనే జవాబు చెప్పాలి. తేదీ మార్చమని కోర్టు క్లర్కుని ముందుగానే, రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే నెల్లూరు చేరిపోయుంటే ఫోన్ చేయండి. వేసవిలో డల్లస్‌లో ఉదయం 8 గంటలంటే మనకి సాయంత్రం 6:30.

17 దాటినవాళ్ళకి ఎక్కువగా పనికొచ్చేది డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు, అంటే జాగ్రత్తగా బండి నడపడం నేర్పే క్లాసు. 6 గంటల క్లాసు, 90 రోజుల గడువు. సర్టిఫికెట్, 3ఏ రకం డ్రైవింగ్ రికార్డు (టెక్సాస్ ప్రభుత్వం ధ్రువీకరించి ఇచ్చేది) కోర్టుకి అందజేస్తే కేసు కొట్టేస్తారు. కానీ పరిమితికన్నా గంటకి 25 మైళ్ళు, అంతకు మించి వేగంగా పోయినా, 95 మైళ్ళు అందుకున్నా, కూలీలు పనిచేస్తున్న రోడ్డుపనుల దగ్గర పట్టుబడినా ఈ దారి మూసుకుపోతుంది. గడిచిన 12 నెలల్లో ఇలాగే ఇంకో కేసుకి ఈ కోర్సు చేసి ఉండకూడదు. చేయలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి, అందులో అబద్ధం రాస్తే అది వేరే నేరం. చాలామంది ఇరుక్కునేది మరో చోట. కోర్సు కావాలని పోస్టులో అడిగితే అది గడువులోపు ముద్రపడిన సర్టిఫైడ్ మెయిల్ అయి ఉండాలి. అది అమెరికా పోస్టాఫీసులో దొరికేదే, నెల్లూరు హెడ్ పోస్టాఫీసులో కాదు. కొన్ని కోర్టులు ఆన్‌లైన్‌లో తీసుకుంటాయి. లేదంటే లాయరుని పెట్టుకోవాలి.

పిల్లవాడు నిజంగా అంత వేగంగా పోలేదనుకుంటే 'నాట్ గిల్టీ' అని చెప్పాలి. ఇంత చిన్న కేసుకీ అక్కడ జ్యూరీని, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందాన్ని, కోరే హక్కుంది. నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం తరఫు వకీలు. రాడార్‌ని ఆరోజు ఎప్పుడు పరీక్షించారు, అధికారి ఎక్కడ నిలబడ్డాడు, అన్ని కార్లలో ఈ కారే అని ఎలా గుర్తుపట్టాడు అన్న ప్రశ్నలకి బలముంది. "పక్క కారు ఇంకా స్పీడుగా పోయింది" అన్నదానికి లేదు. స్పీడు బోర్డుకి చెట్టుకొమ్మ అడ్డమొస్తే బయల్దేరేలోపే ఫొటో తీయండి, దూరం నుంచి ఒకటి, డ్రైవరు సీటు ఎత్తులో ఒకటి. మీరు తిరిగెళ్ళేసరికి కొమ్మ కొట్టేసి ఉంటారు.

కోర్టులో పిల్లవాడి తరఫున తండ్రి వాదించడానికి లేదు. ఆ పని లాయరుది, లేదా పిల్లవాడిదే. మన ఇళ్ళలో పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు ఊరుకోవడం మర్యాద. అక్కడ జడ్జి అడిగినప్పుడు తల వంచుకుని నిలబడితే ఆ మర్యాద ఎవరికీ అర్థం కాదు. తలెత్తి, సూటిగా, "యెస్, యువర్ ఆనర్" అనడం ఇంట్లోనే అలవాటు చేయించండి. బాబాయికి తెలిసినవాళ్ళెవరితోనైనా చెప్పిద్దామన్న మాట వాడి చెవిన పడనివ్వకండి.

కేసు ముగిశాక కోర్టు ఇచ్చే తీర్పు కాగితం నకలు దాచుకోండి. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీదున్న పిల్లలు రేపు గ్రీన్‌కార్డుకో పౌరసత్వానికో దరఖాస్తు చేసినప్పుడు అడిగితే చూపించాలి.

నెల్లూరులో ఉన్నన్నాళ్ళూ ఇంకో జాగ్రత్త. పిన్ని కొడుకు స్కూటీ తాళమిచ్చి మైపాడు బీచి దాకా పోయిరమ్మంటే ఒప్పుకోవద్దు. టెక్సాస్ లైసెన్సున్నా 16 ఏళ్ళ పిల్లవాడు ఇక్కడ మైనరే. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద బండి యజమానికో సంరక్షకుడికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ కూడా 12 నెలలు రద్దవుతుంది.