ఓవర్ బ్లీడింగ్, ఏడు హిమోగ్లోబిన్, ఆపరేషన్ లేకుండా: నా అనుభవం

మా వైపు ఆడవాళ్లకు నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువైందంటే అందరూ చెప్పే మందు ఒక్కటే. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది." మా వదిన ముప్పై నాలుగేళ్లకే తీయించుకుంది. మా పిన్ని, మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ, పిల్లల స్కూల్లో ఆయమ్మ, అందరిదీ అదే దారి. నాకూ తేదీ దాకా వెళ్లింది కానీ ఆపరేషన్ కాలేదు. అదెలా జరిగిందో రాస్తున్నాను.

మాది ఏలూరు. నాకు నలభై ఒకటి, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు అయినప్పటి నుంచే బ్లీడింగ్ కాస్త ఎక్కువ, గత రెండు మూడేళ్లుగా మరీ ముదిరింది. రెండో రోజు, మూడో రోజు గంటన్నరకోసారి ప్యాడ్ మార్చాల్సిందే. గడ్డలు గడ్డలుగా పడేది. రాత్రిళ్లు కింద పాత తువ్వాలు పరుచుకుని పడుకునేదాన్ని. ఆ రోజుల్లో పేరెంట్స్ మీటింగ్ పడితే నల్ల చుడీదార్ వేసుకుని, కుర్చీలోంచి లేచేముందు పక్కావిడని "వెనక ఒకసారి చూడండి" అని అడగడం మామూలైపోయింది.

దాంతో పాటే నీరసం. మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి ఆయాసం. ఐదింటికి లేచి క్యారేజీలు కట్టే ప్రాణానికి నీరసం కాక ఏముంటుందని మా అత్తయ్యగారు, మా ఆయన, నేను, ముగ్గురం సరిపెట్టుకున్నాం. అన్నిటికంటే వింత, పచ్చి బియ్యం నమలాలనిపించడం. బియ్యం ఏరుతూ ఏరుతూ ఒక గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందే" అని అత్తయ్యగారు ఎగతాళి చేస్తే, "నా పెళ్లైపోయి పదహారేళ్లైంది అత్తయ్యా, ఇప్పుడు పడితే పడనీ" అనేదాన్ని. ఒంట్లో ఐరన్ తగ్గితే బియ్యం, మట్టి, సుద్ద, ఐస్ ముక్కలు తినాలనిపిస్తుందని తర్వాత డాక్టరు చెబితే ఇద్దరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

పెద్దదానికి జ్వరమొస్తే ల్యాబ్‌కి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి నా మొహం చూసి "మేడం, మీరు కూడా ఒకసారి సీబీపీ చేయించుకోండి" అన్నాడు, అదే రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. గర్భంతో లేని ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత, 8 లోపు అయితే తీవ్రమైనది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నేను నడుస్తున్నాను, వండుతున్నాను, బండి కూడా తోలుతున్నాను. మెల్లమెల్లగా తగ్గితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుందట.

మొదట చూపించుకున్న నర్సింగ్ హోంలో స్కానింగ్ తీశారు. రిపోర్టులో "బల్కీ యూటరస్" (గర్భసంచి కాస్త పెద్దదైందని) అనీ, రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో పెరిగే కండ గడ్డ, ఒకటి ఉందనీ రాశారు. ఆ కాగితం చూసీ చూడగానే, "ఇద్దరు పిల్లలేగా? ఇంకా దేనికమ్మా ఈ సంచి? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది" అన్నారు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, ఎండలు ముదరకముందే ఆపరేషన్ చేసేద్దామని తేదీ కూడా ఇచ్చారు. నెలకెన్ని ప్యాడ్లు వాడుతున్నావని గానీ, థైరాయిడ్ ఉందా అని గానీ అడగలేదు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంట్లో ఇంకెవరి నోరూ లేవలేదు. మా ఆయన ఇన్సూరెన్స్ కాగితాలు వెతకడం మొదలుపెట్టారు.

ఆపింది మా వదినే. తనకి అప్పట్లో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. వాటిని తీసేస్తే నెలసరి ఆగిపోవడమే కాదు, యాభై ఏళ్లకు రావాల్సిన మార్పులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఆ సంగతి తనకెవరూ ముందు చెప్పలేదు. "అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లొచ్చి ఫ్యాన్ కింద కూర్చునేదాన్నే. నీకు తీసేది ఏంటో, ఉంచేది ఏంటో అడిగావా? ముందు ఇంకో డాక్టర్ని అడుగు" అంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూస్తే 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైనే. మన ఆడవాళ్ల గర్భసంచులకే అంత జబ్బులు ఎందుకొచ్చాయో నాకైతే అర్థం కాదు. అనవసరంగా ఈ ఆపరేషన్లు చేయకుండా కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

విజయవాడలో రెండో డాక్టరమ్మ స్కాన్ రిపోర్టు పక్కన పెట్టి ముందు ప్రశ్నలే వేసింది. ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, గడ్డ ఎంత సైజు, పళ్లు తోముతుంటే రక్తం వస్తుందా, పుట్టింట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బుందా. తర్వాత థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే రక్తపరీక్ష), పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) రాసింది. నలభై దాటింది కాబట్టి గర్భసంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపాలంది. దానికి మత్తు కూడా ఇవ్వలేదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పెట్టి లాగారు. కడుపులో గట్టిగా మెలిపెట్టినట్టై, కాసేపటికి తగ్గిపోయింది. రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. చెడు ఏమీ లేదని వచ్చింది. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదనీ, కాన్పులైన గర్భసంచి కాస్త పెద్దగా కనిపించడం మామూలేననీ అప్పుడు వివరంగా చెప్పింది. మొదటి చోట ఆ ఒక్క బయాప్సీ చేసి ఉంటే నేను అన్ని రాత్రులు నిద్ర మానుకునేదాన్ని కాదు.

ముందు బ్లీడింగ్ ఆ రోజుల్లో తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. అవి వాడిన నెల కొంత నయం. తర్వాత గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ వేయించుకోమంది. "లూప్ వేస్తే బ్లీడింగ్ ఇంకా ఎక్కువవుతుంది కదండీ?" అన్నాను. అది కాపర్ టీ విషయంలో నిజమేనట. ఇది వేరు, దీంట్లో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ కొద్దికొద్దిగా లోపలే విడుదలై, లోపలి పొరను పలుచన చేస్తుంది. ఖర్చు వేలల్లోనే, కానీ ఆపరేషన్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఫెరిటిన్ 5 ఉంది. అంటే ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటిందన్నమాట. ఇంట్లో అప్పటికే బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం, దానిమ్మ దండయాత్ర నడుస్తోంది. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుందని రక్తం పడుతుందనుకుంటాం గానీ, వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. ఆడవాళ్లకు రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతుంది. తోటకూర, నువ్వులు, మేక కార్జం తినమన్నారు, కానీ ఇంత లోటు తిండితో పూడదని ఐరన్ ఇంజెక్షన్ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సీసాలో ముదురు బెల్లం పాకంలా ఉంటుంది ఆ మందు. పావుగంటలో అయిపోయింది, తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టి చూశారు. రక్తం ఎక్కించాల్సిన అవసరమే రాలేదు.

ఆ తర్వాత మాత్రలు. రోజు విడిచి రోజు, నిమ్మరసంతో. టీకి, మాత్రకి కనీసం గంట తేడా ఉండాలి, కాల్షియం మాత్ర అదే పూట వేసుకోకూడదు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. నాకు కష్టమనిపించింది పొద్దున్నే టీ మానడమే. మా ఆయన నా ఎదురుగా గ్లాసు పట్టుకుని పేపరు చదువుతుంటే ఒళ్లు మండేది.

లూప్ వేశాక మొదటి మూడు నాలుగు నెలలు అసలు పరీక్ష. రోజూ చుక్క చుక్కగా మరకలు. పూజ గదిలోకి వెళ్లాలా వద్దా అని అత్తయ్యగారికి పెద్ద సమస్య. "తీయించేసుకుంటే ఈపాటికి హాయిగా ఉండేదానివి" అని ఫోన్లు. డాక్టరమ్మ ఇది ముందే చెప్పి, ఆరు నెలలు ఓపిక పట్టమంది కాబట్టి తట్టుకున్నాను. నిజంగానే ఐదో నెలకి సన్నగిల్లింది. ఇప్పుడు నెలలో రెండు రోజులు, పల్చటి ప్యాడ్ చాలు.

ఆపరేషనే తప్పని నేను అనడం లేదు. మా ఎదురింటావిడకి ఫైబ్రాయిడ్ బాగా పెద్దదై మూత్రానికి అడ్డు పడుతుంటే తీయించుకుంది, మంచి పనే చేసింది. తనకి అండాశయాలు ఉంచారు, అదీ అడిగి మరీ.

మొన్నటి పరీక్షలో హిమోగ్లోబిన్ 12.3. నిల్వలు నిండాలని ఇంకో మూడు నెలలు మాత్రలు ఆపొద్దన్నారు. బ్లీడింగ్ కోసం వేసిన లూప్ ఐదేళ్లు పనిచేస్తుంది, అప్పటికి నాకు నలభై ఆరు. మళ్లీ ఇంకోటి వేయాలా, ఈలోపు నెలసరే ఆగిపోతుందా అన్నది అప్పుడు చూద్దామంది డాక్టరమ్మ. వచ్చే వారం మా అత్తయ్యగారికీ సీబీపీ చేయిద్దామనుకుంటున్నాను. ఆవిడ వద్దంటున్నారు.