గోడ రెండు డిగ్రీలు వాలాక

మా ల్యాబులో నాకు అప్పగించిన పని ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది: 650 మెగాహెర్ట్జ్, బీటా 0.61, ఐదు సెల్స్ ఉన్న నయోబియం క్యావిటీకి ఆకారం ఖాయం చెయ్యాలి. క్యావిటీ అంటే లోపలి విద్యుత్ క్షేత్రంతో ప్రోటాన్ల వేగం పెంచే బోలు లోహపు పాత్ర, సెల్స్ అంటే అందులో వరసగా ఉండే ఉబ్బెత్తు గదులు, బీటా అంటే కణం వేగం కాంతి వేగంలో ఎన్నో వంతో చెప్పే అంకె. అమెరికాలో ఫెర్మీల్యాబ్ కడుతున్న పిప్-2 యాక్సిలరేటర్‌లోనూ ఇదే ఫ్రీక్వెన్సీ, ఇదే బీటా క్యావిటీలున్నాయి. ఆ పనిలో మన అణుశక్తి విభాగపు ల్యాబులూ భాగస్వాములే కాబట్టి చదువుకోడానికి పేపర్లు బాగానే దొరికాయి. ఆకారం మాత్రం సున్నా నుంచి నువ్వే గియ్యాలన్నారు మా గైడ్ గారు.

సెల్ పొడవు లెక్క తేలిక. కాంతి వేగంలో 0.61 వంతు వేగంతో వచ్చే ప్రోటాన్ ఒక సెల్ దాటేసరికి లోపలి విద్యుత్ క్షేత్రం దిశ మార్చుకోవాలి. తరంగదైర్ఘ్యంలో సగాన్ని 0.61తో హెచ్చవేస్తే 140.7 మిల్లీమీటర్లు. సులువైన భాగం అక్కడితో సరి. రెండు సెల్స్ మధ్య ఉండే సన్నని ద్వారాన్ని, అంటే ఐరిస్‌ను ఇరుకు చేస్తే అదే పవర్‌కి ఎక్కువ వోల్టేజ్ వస్తుంది కానీ సెల్స్ మధ్య కప్లింగ్, అంటే శక్తి ఒకదాన్నుంచి ఒకదానికి పారడం, పడిపోతుంది. అప్పుడు తయారీలో చిన్న తేడా వచ్చినా ఐదు సెల్స్‌లో క్షేత్రం సమంగా నిలవదు.

ఇంత తాపత్రయం ఎందుకంటే, 2 కెల్విన్ దగ్గర నయోబియం క్యావిటీ క్వాలిటీ ఫ్యాక్టర్ (శక్తి ఎంత నెమ్మదిగా హరిస్తుందో చెప్పే అంకె) వెయ్యి కోట్లకు చేరుతుంది. గుడి గంటకు అంత క్వాలిటీ ఉంటే, ఒక్కసారి కొట్టాక నాదం మూడోవంతుకు తగ్గడానికే రెండు నెలలకు పైగా పడుతుంది. ఆ లోహం గొప్పతనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ దానికీ ఓ హద్దుంది. ఉపరితలం మీద అయస్కాంత క్షేత్రం 200 మిల్లీటెస్లాల దరిదాపుకి వెళితే సూపర్‌కండక్టివిటీ, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు పారే గుణం, నిలవదు. అందుకే ఆ క్షేత్రాన్ని తగ్గించడమే పనిగా పెట్టుకున్నాను. సెల్ పక్క గోడను నిటారుగా నిలబెడితే ఈక్వేటర్ (సెల్‌లో అన్నిటికన్నా వెడల్పైన నడుం) దగ్గర వంపుకి చోటు పెరుగుతుంది, క్షేత్రం దిగుతుంది. సూపర్‌ఫిష్ అనే క్షేత్రాల లెక్కల ప్రోగ్రామ్‌ను రాత్రింబవళ్ళు నడిపి, చివరికి గోడను కాస్త లోపలికే వంచేశాను. అంకెలు చాలా బాగా వచ్చాయి.

రివ్యూకి ముందు వర్క్‌షాప్‌లో సీనియర్ టెక్నీషియన్ ఒకాయనకు డ్రాయింగ్ చూపించాను. ఆయన అంకెల వైపు చూడలేదు. అడ్డంగా ఉన్న బొమ్మను నిలువుగా తిప్పి నా ముందు పెట్టారు.

"కడిగేటప్పుడు క్యావిటీ ఇలా నిలబడుతుంది బాబూ. ఈ గోడ మీద యాసిడ్ ఎటు పోతుంది?"

నాకు నోట మాట రాలేదు. నిలబెడితే నా గోడలు పళ్ళేలైపోయాయి. లోపల వంద మైక్రాన్లకు పైగా యాసిడ్‌తో కరిగించి, ఆపైన అధిక పీడన నీటితో కడగాలి. చుక్క నిలిచిన చోట మచ్చ పడుతుంది. కంటికి కనబడని రేణువు మిగిలినా దాని నుంచి ఎలక్ట్రాన్లు ఊడివచ్చి ఎక్స్-కిరణాలు పుడతాయి. నా మంచి అంకెలు కంప్యూటర్‌లోనే ఉండిపోయేవి. గోడను రెండు డిగ్రీలు బయటికి వాల్చాను. అయస్కాంత క్షేత్రం కొంచెం పెరిగింది, ఒప్పుకున్నాను.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. తక్కువ బీటా అంటే నొక్కేసినట్టున్న సెల్. 4 మిల్లీమీటర్ల రేకు, దాదాపు చదునైన గోడలు. లోపలి క్షేత్రమే ఆ గోడల్ని కదుపుతుంది: ఈక్వేటర్ దగ్గర బయటికి తోస్తుంది, ఐరిస్ దగ్గర లోపలికి లాగుతుంది. రెండూ ఫ్రీక్వెన్సీని దించేవే. బయట హీలియం పీడనం ఊగితే అదొకటి. క్యావిటీలోకి పవర్ పంపే కప్లర్‌తో కలిపి క్వాలిటీ కోటి అనుకుంటే బ్యాండ్‌విడ్త్, అంటే క్యావిటీ స్పందించే ఫ్రీక్వెన్సీల వెడల్పు, 65 హెర్ట్జ్ మాత్రమే. 650 మెగాహెర్ట్జ్‌లో కోటో వంతు! గోడలు కదలకుండా స్టిఫెనింగ్ రింగులు పెట్టి బిగిద్దామంటే, మరీ బిగిస్తే క్యావిటీని నొక్కి ఫ్రీక్వెన్సీ సరిచేసే ట్యూనర్‌కి లొంగదు. రింగు వ్యాసార్థాన్ని మిల్లీమీటరు చొప్పున జరుపుతూ, హీలియం పీడనం వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే పెరుగుదలా తగ్గుదలా ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు వెతికాను. నాలుగు నెలలు. ఈ పని గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఆ నాలుగు నెలల గురించే.

మల్టీప్యాక్టింగ్ (గోడలకు తగిలి ఎలక్ట్రాన్లు అంతకంతకూ పెరిగిపోవడం) లెక్కలు మాత్రం పెద్దగా ఇబ్బంది పెట్టకుండా గట్టెక్కాయి.

ఇక మిగిలింది వెనక్కి లెక్కకట్టడం. 2 కెల్విన్‌లో 650 మెగాహెర్ట్జ్ కావాలంటే గది వేడిలో ఎంత ఉండాలి? చల్లబడి నయోబియం 0.143 శాతం కుంచించుకుంటుంది, దాంతో ఫ్రీక్వెన్సీ 0.93 మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. గాలి తీసేస్తే మరో 0.2. యాసిడ్ కరిగించేది దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది.

ముందుగా రాగితో సింగిల్ సెల్ చేశారు. రెండు అర సెల్స్‌ను బిగించి, ఫ్రీక్వెన్సీ కొలిచే నెట్‌వర్క్ అనలైజర్‌కి కలిపితే ఫ్రీక్వెన్సీ లెక్క కన్నా తక్కువ చూపించింది. ఈక్వేటర్ అంచున కావాలనే వదిలిన అదనపు పొడవు ఇంకా అలాగే ఉంది మరి. ఆ టెక్నీషియన్ గారే లేత్ మీద కొద్దికొద్దిగా కోస్తుంటే, కోసిన ప్రతిసారీ నేను కొలిచాను. మూడో కోతకు తెర మీది శిఖరం వచ్చి మాకు కావాల్సిన ఫ్రీక్వెన్సీ గీత మీద నిలిచింది. ఆయన సెల్‌ను విప్పి, అర సెల్‌ను నీళ్ళలో ముంచి పైకి తీసి, నిలువుగా పట్టుకున్నారు. నీళ్ళు గోడ మీదుగా జారి ఐరిస్‌లోంచి కిందికి కారిపోయాయి.