కబ్ క్యాడెట్ 128: పాత ఇంజనును విప్పి మళ్ళీ కట్టిన వైనం

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1960-61 ప్రాంతంలో కబ్ క్యాడెట్ అనే పేరుతో ఇంటి తోటలకు సరిపోయే చిన్న ట్రాక్టర్లను తయారు చేయడం మొదలుపెట్టి, 1981లో ఆ వ్యాపారాన్ని ఎంటీడీ సంస్థకు అమ్మివేసింది. ఆ మధ్యకాలంలో, డెబ్బైల తొలి సంవత్సరాల్లో వచ్చిన 128 నమూనా బండి ఒకటి, ఇల్లినాయ్‌లో మేముంటున్న పల్లెపట్టుకు దగ్గరలోని ఒక పశువుల కొట్టం నుంచి తక్కువ ధరకు నా చేతికి వచ్చింది. ఇందులో ఇంజనుకూ వెనుక గేరుబాక్సుకూ మధ్య బెల్టు ఉండదు. పెద్ద ట్రాక్టర్లలో వలె క్లచ్చు, దాని వెనుక షాఫ్టు ఉంటాయి. నేను ఈ బండిని కోరి కొనడానికి సగం కారణం అదే. మిగిలిన సగం దాని ఇంజను: కోలర్ కె301, ఒకే సిలిండరు, పోత ఇనుప బ్లాకు, 3.375 అంగుళాల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 3.25 అంగుళాల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), సుమారు 476 సీసీ, నిమిషానికి 3600 చుట్ల దగ్గర 12 గుర్రాల శక్తి.

కొన్ననాడే అది నీలిపొగ కక్కుతోంది, ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు గొట్టం నుంచి నూనె చిమ్ముతోంది. అమ్మినాయన పిస్టను చుట్టూ ఉండే రింగులు మారిస్తే సరిపోతుందన్నాడు. మన ఊళ్ళలో మోటారు ఇంజన్లకు, పాత స్కూటర్లకు కూడా చాలామంది చెప్పే వైద్యం ఇదే. అయితే కొలతలు తీయకుండా సామాను కొనకూడదన్నది నా పట్టుదల. ఈ ఇంజను పని మొత్తం మైక్రోమీటరు, బోర్ గేజిల దగ్గరే తేలిపోతుందనీ, పానా పట్టే పని ఆ తరువాతి మాటేననీ నేను నమ్ముతాను.

కంప్రెషన్ గేజి ఈ ఇంజనులో నిజం చెప్పదు. స్టార్టు చేసేటప్పుడు సులువుగా తిరగడానికి క్యామ్‌షాఫ్టు మీద ఉన్న చిన్న బరువులు ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి పట్టుకుంటాయి. వేగం నిమిషానికి 650 చుట్లు దాటిన తరువాతే ఆ బరువులు విచ్చుకుని వాల్వును పూర్తిగా మూసుకోనిస్తాయి. అందువల్ల గేజిలో ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. ఫ్లైవీలును చేత్తో వెనక్కి తిప్పి చూడటమే సులువైన పరీక్ష: ఇంజను బాగుంటే చక్రం ఎదురుతన్ని వెనక్కి వస్తుంది. నాది ఏ అడ్డూ లేకుండా మెత్తగా దాటుకుని పోయింది.

పై రేకు తొడుగు విప్పేసరికి సిలిండరు రెక్కల మధ్య ఎండుగడ్డి, ఎలుకల గూడు, నూనెతో కలిసి గట్టిపడిన మట్టి కనిపించాయి. గాలితో చల్లబడే ఇంజనుకు ఆ రెక్కలే ప్రాణం కాబట్టి, అరుగుదల ఎక్కడ మొదలై ఉంటుందో అక్కడే అర్థమయింది. కె301 పాత పద్ధతి ఇంజను. రెండు వాల్వులూ బ్లాకులోనే సిలిండరు పక్కన ఉంటాయి, హెడ్డు రెక్కలున్న మూత మాత్రమే. హెడ్డును తీసి, మందపాటి అద్దం మీద పరిచిన ఎమెరీ కాగితంపై నాలుగు వైపులా రుద్దితే, వంగిన చోట్లు నల్లగా, ఆనిన చోట్లు మెరుస్తూ విడివిడిగా తెలిసిపోతాయి. నల్లమచ్చలు పూర్తిగా పోయేవరకూ అలాగే రుద్దాను.

అసలు సంగతి బోరులో ఉంది. సిలిండరు కింది నుంచి పైదాకా ఒకేలా అరగదు. మండే వేడి, పీడనం ఎక్కువగా ఉండి నూనె తక్కువగా అందే పైభాగంలో, అందులోనూ పిస్టను ఒరిగే పక్కన ఎక్కువగా అరుగుతుంది. రింగు చేరని చిట్టచివరి అంచు మాత్రం అరగక చిన్న గట్టులా మిగిలిపోతుంది. ఇలా పైన వెడల్పు, కింద ఇరుకు అయిన గొట్టంలో కొత్త రింగు వేస్తే, అది ప్రతి స్ట్రోకులోనూ విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉండవలసి వస్తుంది. దానికి తోడు కొత్త రింగు పదునైన అంచు ఆ గట్టుకు తగిలి విరిగే ప్రమాదం కూడా ఉంది. మా బోరులో పైభాగం నాలుగు థౌలకు, అంటే 0.004 అంగుళానికి మించి అరిగింది. రింగులతో సరిపెట్టుకుందామన్న ఆలోచనకు అక్కడితో తెరపడింది.

మన వైపు డీజిల్ ఇంజన్లలో చాలావాటికి లైనరు, అంటే సిలిండరు లోపలి విడి గొట్టం, ఊడదీసి కొత్తది దింపవచ్చు. కోలర్‌లో విడి లైనరు ఉండదు, బ్లాకునే బోరింగ్ చేయాలి, అంటే లోపల కోసి వెడల్పు చేయాలి. అందుకే 0.010, 0.020, 0.030 అంగుళాలు పెద్దవైన పిస్టన్లు దొరుకుతాయి. నాకు 0.010 చాలింది, మరో రెండు అవకాశాలు ఈ బ్లాకులో ఇంకా మిగిలి ఉన్నాయన్నమాట. విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఇటువంటి పనికి ఏ వీధిలోకి వెళ్ళినా మనిషి దొరుకుతాడు; ఇక్కడ చిన్న ఇంజన్ల బోరింగ్ ఒప్పుకునే మెషీన్ షాపును వెతికి పట్టుకోవలసి వచ్చింది. దొరికిన పెద్దాయన పిస్టను చేతిలో పెట్టనిదే బ్లాకును ముట్టుకోనన్నాడు. పెట్టె మీది అంకెను కాక చేతిలోని పిస్టనును కొలిచి, దానికి తగిన సందుతో బోరు చేసేవాడే నిజమైన పనివాడని నా అభిప్రాయం.

బోరు గోడను సానరాళ్ళతో సన్నని గీతలు పడేలా రుద్దే హోనింగ్ తరువాత బ్లాకును పెట్రోలుతో తుడిస్తే చాలదు. గీతల్లో ఇరుక్కున్న రాతిపొడి వేడినీళ్ళు, సబ్బు, గట్టి బ్రష్షు ఉంటే తప్ప వదలదు. నూనెలో ముంచిన తెల్లగుడ్డతో తుడిచినప్పుడు గుడ్డ తెల్లగానే ఉండేవరకూ కడిగి, వెంటనే నూనె పూయాలి. లేకపోతే కళ్ళ ముందే తుప్పు పడుతుంది.

కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియంది. దానికి బేరింగ్ షెల్లులు లేవు, ఆ లోహమే 1.500 అంగుళాల క్రాంక్‌పిన్ను మీద నేరుగా తిరుగుతుంది. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటె నూనెలో మునిగి లేస్తూ అన్ని భాగాల మీదికీ చిమ్ముతుంది. కాబట్టి నూనె మట్టం తగ్గితే మొదట పోయేది రాడ్డే, అది విరిగితే బ్లాకుకే చిల్లు పడుతుంది. క్రాంక్‌పిన్ను అదృష్టవశాత్తూ గుండ్రంగానే ఉంది. అరిగి ఉంటే గ్రైండింగ్ చేయించి 0.010 తక్కువ కొలత రాడ్డు వేయవలసి వచ్చేది. బిగించేటప్పుడు రాడ్డు మీది గుర్తూ, దాని కింది సగమైన టోపీ మీది గుర్తూ ఒకదానికొకటి కలిసి ఫ్లైవీలు వైపు చూడాలి. పాత తరహా బోల్టు రాడ్డుకు 285 అంగుళ-పౌండ్ల టార్కు చెప్పారు. చేతి అంచనాతో బిగించే చోటు ఇది కాదు.

ఈ తరగతి ఇంజన్లలో కొన్నింటికి అదురు తగ్గించడానికి క్రాంకు పక్కన రెండు బ్యాలెన్స్ గేర్లు ఉంటాయి. వాటి సూది బేరింగులు అరిగి గేరు ఊడితే, అది క్రాంక్‌కేసును లోపలి నుంచే పగలగొడుతుంది. నేను వాటిని తీసేశాను. అదురు కొంచెం పెరిగిన మాట నిజమే, కానీ యాభై ఏళ్ళ నాటి బ్లాకు దక్కడమే నాకు ముఖ్యం.

క్యామ్‌షాఫ్టు దింపేటప్పుడు వాల్వులను ఎత్తే ట్యాపెట్లు జారిపోకుండా బ్లాకును తలకిందులుగా నిలబెట్టాలి. కె301లో ట్యాపెట్లను తిప్పి సందు సరిచేసుకోవచ్చు, చిన్న కె181లో వలె వాల్వు కాడను అరగదీయనక్కరలేదు. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేకుకు 0.008 నుంచి 0.010, ఎగ్జాస్టుకు 0.017 నుంచి 0.020 అంగుళం ఉంచాలి. ఎగ్జాస్టు ఎక్కువ వేడెక్కి సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ సందు కావాలి; కానీ హద్దు మీరితే, స్టార్టింగు కోసం పైన చెప్పిన బరువులు వాల్వును ఎత్తలేవు, స్టార్టరు మొరాయిస్తుంది. బ్యాటరీ బలహీనమైందని చాలామంది అనుకునే జబ్బుకు ఒక్కోసారి కారణం ఇదే.

విడిపోయినప్పుడు స్పార్కు పుట్టించే పాయింట్ల సందు 0.020 అంగుళంతో మొదలుపెట్టి, ఫ్లైవీలు మీది ‘ఎస్’ గుర్తు కిటికీ మధ్యకు వచ్చినప్పుడు పాయింట్లు అప్పుడే విడిపోయేలా టెస్టు ల్యాంపుతో సరిచేశాను. ఆ గుర్తు పిస్టను శిఖరానికి చేరడానికి 20 డిగ్రీల ముందు ఉంటుంది. కార్బురేటరులో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. శుభ్రం చేసి కొత్త గాస్కెట్లు వేస్తే చాలింది. బ్రీదరులోని పలుచని రేకు వాల్వును, అంటే రీడును, మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు, క్రాంక్‌కేసులో తక్కువ పీడనాన్ని నిలబెట్టేది అదే. అది తిరగబడితే కొత్త రింగులున్న ఇంజను కూడా నూనె చిమ్ముతుంది.

ఎస్‌ఏఈ 30 నూనె పోసి స్టార్టు చేస్తే, కూర్పులో పూసిన నూనె కాలేంతవరకూ తెల్లటి పొగ వచ్చి తరువాత ఆగిపోయింది. రింగులు కుదురుకోవాలంటే బరువు మోయించాలి; అందుకని ఖాళీగా తిప్పకుండా, గడ్డి కోయడానికి వెంటనే తీసుకెళ్ళి, బరువును మార్చి మార్చి నడిపాను. ఐదు గంటలు నడిచాక మార్చిన నూనెలో సన్నని లోహపు మెరుపు కనిపించింది, ఆ తరువాతి మార్పులో అది లేదు. చల్లారాక హెడ్డు బోల్టులను మరోసారి టార్కు చూస్తే రెండు మూడు కాస్త కదిలాయి. ఇప్పుడు ఫ్లైవీలును వెనక్కి తిప్పితే అది నా చేతిని విదిలించి కొడుతోంది. ఇక క్లచ్చు సంగతి చూడాలి. బండి ముందుకు కదిలేటప్పుడు వచ్చే కీచుమోత ఇంజనుది కాదని ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను.