సాయంత్రం లోపల

ఆదివారం రాత్రి

కర్నూలు జిల్లా నుంచి వచ్చి బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర రేకుల గదిలో ఉంటున్న ఒక తాపీ పనివాడు నాలుగు రోజుల కిందట పరంజా మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడనీ, ఇంట్లో ఇబ్బందిగా ఉందనీ పొద్దున్నే కబురొచ్చింది. మా కాలనీ తెలుగువాళ్లం నెలకు 500 రూపాయల చొప్పున వేసుకుని నడుపుకొంటున్న చిన్న సంఘం తరఫున నేనూ, కోశాధికారి గారూ వెళ్లాము.

బియ్యం, కందిపప్పు, నూనె సంచిలో పెట్టుకుని వెళ్లాము. ఆయన భార్య వాటిని అందుకుని, కాసేపటికి మెల్లగా అంది: "బియ్యముండాయన్నా. మా ఊరి కార్డు మీద ఈడే తెచ్చుకుంటిమి. గ్యాసే అయిపోయింది." ఒక రాష్ట్రపు రేషన్ కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకోవచ్చునని తెలిసి కూడా, ముందుగా ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. అది నన్ను రోజంతా బాధించింది.

వైద్యం ప్రభుత్వాసుపత్రిలో జరుగుతోంది. కుటుంబాన్ని కుంగదీస్తున్నది దాని చుట్టూ ఉన్న ఖర్చు: రానూపోనూ ఆటో ఛార్జీలు, 3,500 రూపాయల అద్దె, చిన్న సిలిండరు, అన్నిటికీ మించి ఇద్దరి కూలీ ఒక్కసారే ఆగిపోవడం. నూటికి నెలకు 10 రూపాయల వడ్డీ మీద 10,000 ఇస్తానన్న మనిషి సాయంత్రం వస్తానన్నాడట. అంటే అసలు తీరేదాకా నెలనెలా 1,000 రూపాయలు వడ్డీకే పోతాయి.

రెండేళ్ల కిందట ఇలాంటి సందర్భంలోనే మేము సమావేశం జరిగేదాకా ఎనిమిది రోజులు ఆగితే, ఆలోపే ఆ ఇల్లాలి కమ్మలు తాకట్టుకు వెళ్లిపోయాయి. ఆ తరువాతే, 5,000 రూపాయల వరకు ఇద్దరు సభ్యులు అక్కడికక్కడే నిర్ణయించవచ్చునని నియమం పెట్టుకున్నాము. ఆ మొత్తాన్ని ఈరోజు ఆమె చేతికే ఇచ్చాము. రసీదులు అడగాలని కోశాధికారి గారి అభిప్రాయం. లెక్క అప్పజెప్పే పని పెడితే రేపు మరో అవసరానికి మన దగ్గరికి రావడానికి వెనుకాడుతుందని నా అభిప్రాయం. చివరికి ఆయనే ఇంటి యజమానితో కన్నడంలో మాట్లాడి, సగం అద్దెకు వచ్చే నెల వరకు గడువు ఇప్పించారు.

1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టాలు, కట్టడపు వ్యయంలో కనీసం 1 శాతం సెస్సు వసూలు చేసి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవారిని సంక్షేమ మండలిలో నమోదు చేయాలన్నాయి. ఆరేళ్లుగా ఈ నగరంలో గోడలు కడుతున్న ఈయన పేరు ఎక్కడా నమోదు కాలేదు. నమోదై ఉంటే ఈరోజు మా 5,000 కోసం ఎదురుచూడవలసిన పని ఉండేది కాదేమో. 90 రోజుల ధ్రువపత్రం మీద సంతకం పెట్టమంటే మేస్త్రీ తరువాత చూద్దామంటున్నాడట. కన్నడ దరఖాస్తును నేను చదివి వినిపిస్తూ, ఆయన చెప్పినట్లు నింపాను. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది.

ఆరు గంటలకు ఆమె ఫోను చేసి, వడ్డీ మనిషిని వద్దని పంపించేశామని చెప్పింది. పొద్దున్నే మేస్త్రీ పనిలోకి దిగేలోపు నేనే వెళ్లి కలవాలి.