విటమిన్ డి, బి12 పరీక్షకు రక్తం ఇచ్చే ముందు

సూర్యారావుపేటలో ఏ ల్యాబ్‌కెళ్లినా చీటీలో ‘25 హైడ్రాక్సీ విటమిన్ డి’ అని ఉందో లేదో చూసుకోండి. ‘1,25 డైహైడ్రాక్సీ విటమిన్ డి’ అనేది వేరే పరీక్ష. లోపం ఉన్నా అందులో నార్మల్‌గానే కనిపించొచ్చు.

అసలు తంటా జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్రలతోనే. 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వాడుతుంటే కొన్ని మెషిన్లలో డి, బి12 రెండూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. 2, 3 రోజుల ముందే ఆపేయాలి. బి12 ఇంజెక్షన్ చేయించుకున్న మర్నాడే రక్తం ఇస్తే అంకె చుక్కల్లో ఉంటుంది, డబ్బు దండగ. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడే షుగరు వాళ్లకు బి12 తగ్గొచ్చు, డాక్టరుకు చెప్పండి.

విటమిన్ డి రిపోర్టులో ముందు యూనిట్ చూడండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములంటే లీటరుకు 50 నానోమోల్స్, రెండూ ఒకటే. డి మాత్రలు మొదలెట్టాక 3 నెలలు ఆగి మళ్లీ చేయించుకోండి, ఈలోపు అంకె కుదురుకోదు.