వాడికి నేనే అమ్మనని ఫీఫా ఒప్పుకుంది: అకాడమీ రిజిస్ట్రేషన్‌తో నా అనుభవం

ఫుట్‌బాల్ క్లబ్బు అకాడమీలో మా వాడి రిజిస్ట్రేషన్ పూర్తయిందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నదంతా ఇవాళ రాసేస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఉంటూ, పిల్లాడు ఫుట్‌బాల్ బాగా ఆడుతున్నాడని మురిసిపోతున్న తెలుగు తల్లిదండ్రులెవరైనా ఉంటే ముందు బీరువా తెరిచి కాగితాలు చూసుకోండి. ఆట సంగతి పిల్లలు చూసుకుంటారు.

మేం ఉండేది లండన్ పక్కనున్న స్లౌలో. నాలుగేళ్ల కిందట నా ఉద్యోగం మీద వచ్చాం. వీసా నాది, మా ఆయనా పిల్లాడూ నాకు డిపెండెంట్లు. వచ్చేటప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. సూట్‌కేసులో ప్లాస్టిక్ బ్యాట్ పెడితే గానీ ఎయిర్‌పోర్టుకి రానని కూర్చున్నాడు. ఇక్కడి స్కూల్లో చేరాక బ్యాట్ మూలన పడింది, బంతి కాళ్ల దగ్గరికి చేరింది. శని ఆదివారాలు మాకు తీరిక ఉండక ఏ క్లబ్బులోనూ వేయలేదు. స్కూల్ టీముకే ఫార్వర్డ్‌గా ఆడేవాడు.

స్కూళ్ల టోర్నమెంట్ సెమీఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు. మూడోది ఎడమ కాలితో, గోల్‌కీపర్ కదిలే లోపే. అవును, గొప్పే చెప్పుకుంటున్నాను. అయితే అక్కడికి వచ్చిన స్కౌట్, అంటే క్లబ్బు కోసం కుర్రాళ్లను వెతికే మనిషి, గోల్స్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "బంతి తన దగ్గరికి వచ్చే లోపు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు, మీరు గమనించారా?" అన్నాడు. డిఫెండర్ ఎక్కడున్నాడో ముందే చూసుకుని, అతనికి కనిపించని వైపు నుంచి పరిగెత్తడం ఆ వయసులో అరుదట. నేను గమనించింది వాడి సాక్సులకు అంటిన బురద మాత్రమే.

ట్రయల్స్ కొన్ని వారాలు సాగాయి, బాగానే అయ్యాయి. అకాడమీలో తీసుకుంటామన్నారు.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2012 నుంచి ఇంగ్లండ్‌లో అకాడమీలన్నీ ఒకే ప్రణాళిక కింద, నాలుగు కేటగిరీలుగా నడుస్తున్నాయి. అండర్ 9 నుంచి పిల్లల్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. పదహారేళ్లు వచ్చాక కొందరికి రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తారు, పదిహేడు నిండాకే ప్రొఫెషనల్ కాంట్రాక్టు. ఈ మధ్యలో ఏటా కొందర్ని ఇంటికి పంపేస్తూనే ఉంటారు. అలా పంపేసినప్పుడు ఓదార్చడానికి గ్రౌండ్ గట్టు మీద నిలబడే నాన్నల దగ్గర కథలు సిద్ధంగా ఉంటాయి. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ని ఆర్సెనల్ చిన్నప్పుడే వద్దంది. టాటెన్‌హామ్‌లో చేరాక కూడా లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్ అంటూ వేరే క్లబ్బులకు లోన్ మీద, అంటే అరువుగా, తిరిగాడు. జేమీ వార్డీని పదహారేళ్లకు షెఫీల్డ్ వెన్స్‌డే పంపేస్తే, కింది లీగుల్లో ఆడుకుంటూ వచ్చి 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. ఆలీ వాట్కిన్స్‌ని ఎక్సెటర్ వాళ్లు వెస్టన్ సూపర్ మేర్ అనే చిన్న క్లబ్బుకి లోన్‌కిచ్చారు, అదే మనిషి 2024 యూరో సెమీఫైనల్లో నెదర్లాండ్స్ మీద చివరి నిమిషంలో గోల్ కొట్టి ఇంగ్లండ్‌ని ఫైనల్‌కి చేర్చాడు. అన్నీ నిజమే. కానీ ఇంటికి వెళ్లిపోయి మళ్లీ కనిపించని పిల్లల కథ ఏ నాన్నా చెప్పడు.

మా మామయ్యగారిది సికింద్రాబాద్. ఆయన కథ వేరు. "తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ వాడేనమ్మా, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, ఫార్వర్డే" అని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతారు. అప్పటి ఇండియా జట్టు కోచ్ రహీం గారి పేరు ఎత్తితే ఇక ఆ పూటకి ఫోన్ పెట్టరు.

ఆట భాగం ఇంతే. ఇక అసలు సంగతికి వస్తాను.

తీసుకుంటామన్న వారంలోనే క్లబ్బులో పిల్లల రిజిస్ట్రేషన్లు చూసే ఆవిడ మమ్మల్ని పిలిచింది. చిన్న గది, మధ్యలో బల్ల, పక్క కుర్చీల్లో వాళ్ల వంతు కోసం ఇంకో కుటుంబం. మా వాడి ఇండియన్ పాస్‌పోర్టు తిప్పి చూసి, నవ్వుతూనే అడిగింది: "మీరు ఇంగ్లండ్‌కి రావడానికి ఫుట్‌బాల్ కారణమా?"

జోక్ అనుకుని నవ్వాను. ఆవిడ పెన్ను పట్టుకుని జవాబు కోసం చూస్తోంది.

తర్వాత తెలిసింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఆట కోసం దేశం దాటించడం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా నిబంధనల ప్రకారం నిషేధం. విదేశీ పిల్లాడు మొదటిసారి రిజిస్టర్ అవుతున్నా ఇదే వర్తిస్తుంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో వచ్చారని చూపిస్తే మినహాయింపు ఇస్తారు. ఆ దేశంలో వరుసగా ఐదేళ్లు ఉన్న పిల్లలకైతే ఈ గొడవ ఉండదు. మాకు నాలుగే అయ్యాయి. ఒక్క ఏడాది తక్కువ!

నిబంధన చెడ్డదని నేననను. ఆఫ్రికా నుంచీ దక్షిణ అమెరికా నుంచీ పిల్లల్ని ఆశపెట్టి యూరప్ తీసుకొచ్చి, ట్రయల్‌లో నెగ్గకపోతే నడిరోడ్డు మీద వదిలేసిన ఏజెంట్లు ఉన్నారు, అలాంటివాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన ఇది. క్లబ్బుల భయమూ అర్థమవుతుంది. 2014లో బార్సిలోనాని ఈ విషయంలోనే శిక్షించారు. అప్పుడు అక్కడి అకాడమీలో ఉన్న జపాన్ కుర్రాడు కుబో ఆడే వీలు లేక 2015లో సొంత దేశానికి వెళ్లిపోయాడు. 2019లో చెల్సీకి కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, అప్పీలులో సగానికి తగ్గింది. అంత పెద్ద క్లబ్బులకే తప్పనప్పుడు మా చిన్న క్లబ్బు ఆవిడ ప్రతి కాగితాన్నీ వెలుతురులో పెట్టి చూడటంలో వింత లేదు. నాకు మండింది నిబంధన మీద కాదు, ఆవిడ అడిగిన తీరు మీద.

ఉద్యోగం కాంట్రాక్టు కావాలంటూ చెయ్యి మా ఆయన వైపు చాపింది. ఆయన నా వైపు చూపించాడు. "ఓ, మీరా?" అంది. ఆ "ఓ" నేనింకా మర్చిపోలేదు.

తర్వాత బర్త్ సర్టిఫికెట్ తీసింది. నాకు అక్కడే గుండె జారింది. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతో కలిపి వెంకట నాగ లక్ష్మి అని నిండుగా ఉంటుంది. వాడు పుట్టిన ఆసుపత్రిలో ఎవరు రాసిచ్చారో గానీ, మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో తల్లి పేరు దగ్గర ఉత్త "నాగమణి" అని ఉంది. ఆ పేరుతో మా వంశంలోనే ఎవరూ లేరు. వాడి స్కూలూ వీసా ఆ కాగితంతోనే అయిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ దగ్గర దొరికిపోయాం.

ఆవిడ నా పాస్‌పోర్టూ సర్టిఫికెట్టూ పక్కపక్కన పెట్టి, వేలితో పేర్ల కింద గీత గీసినట్టు చూసుకుంటూ పోయింది. "పేరు వేరు. అబ్బాయి ఇంటిపేరు కూడా మీది కాదు. మీరిద్దరూ విడిపోయారా?"

మా ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"లేదు" అన్నాను.

"అయితే అబ్బాయి కన్నతల్లి వేరే ఉన్నారా? ఆవిడ అనుమతి పత్రం ఉంటే చాలు."

పక్క కుర్చీల్లోని కుటుంబం తలలు ఫోన్లలోకి దించేసుకుంది. మా వాడు నా ముఖం వంకే చూస్తున్నాడు. వాడి కోసం రాత్రంతా నొప్పులు పడి, పొద్దున్న సిజేరియన్ చేయించుకున్న మనిషిని నేను. ఇప్పుడు వాడి కన్నతల్లి అనుమతి తెమ్మంటున్నారు! మా వైపు చాలామంది ఆడవాళ్లకు టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టింటి పేరే పాస్‌పోర్టులోకీ వస్తుంది, పెళ్లయినా మార్చుకోరు అని చెప్పాను. ఆవిడ తలూపి, "అది రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అంది. మర్యాదలో లోటు లేదు. అందుకే ఇంకా ఎక్కువ మండింది, తిరిగి అరవడానికి కూడా అవకాశం ఇవ్వలేదు మరి.

సర్టిఫికెట్ దిద్దించే పని ఊళ్లో మా నాన్న మీద పడింది. మీసేవలో దరఖాస్తు పెడితే సరిపోతుందనుకున్నాం. కాదు, మున్సిపల్ ఆఫీసుకే రమ్మన్నారు. నా టెన్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, అఫిడవిట్, వాణ్ణి నేనే కన్నానన్న సాక్ష్యానికి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం. ఆసుపత్రేమో మూతబడి మొబైల్ షోరూమ్ అయింది. కౌంటర్ దగ్గర గుమాస్తా ఫైలు మూసి, "పన్నెండేళ్ల తర్వాత తల్లి పేరు మార్చడమేంటండీ, ఇప్పుడేం తొందరొచ్చింది?" అన్నాడట. "మనవడు బంతాట ఆడాలి సార్" అన్నారట మా నాన్న. ఆయన నిజాయితీ ఆయనది. గుమాస్తా పక్కసీటు అతన్ని పిలిచి మరీ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడట. ఆ తర్వాత ఆయన్ని ఎన్నిసార్లు "రేపు రండి" అన్నారో లెక్కపెట్టడం మానేశాను. చివరికి పని చేసిపెట్టింది అదే ఆఫీసులోని ఒక కొత్తమ్మాయి, పైసా అడగకుండా. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఇక్కడ మా కంపెనీ హెచ్‌ఆర్ ఇంకో రకం. నేను ఫలానా తేదీన ఫలానా ఉద్యోగం కోసం వచ్చానని లెటర్ అడిగితే, ఇల్లు అద్దెకు తీసుకోవడానికి ఇచ్చే లెటరే మళ్లీ మళ్లీ పంపారు. ఫీఫాకి అని చెబితే ఫోన్‌లో అవతల నవ్వు వినిపించింది.

ఈ మధ్యలో ఒక తెలుగాయన దొరికాడు. క్లబ్బుల్లో పరిచయాలున్నాయి, ఐదు వందల పౌండ్లిస్తే ఫైలు కదిలిస్తానన్నాడు, పిల్లాడికి ఏజెంటుగా కూడా ఉంటానన్నాడు. పన్నెండేళ్ల పిల్లల దగ్గరికి ఏజెంట్లు రావడమే నిబంధనలకు విరుద్ధం. ఇలాంటివాళ్లు మీకు గుడిలోనూ సంక్రాంతి ఫంక్షన్లోనూ తగులుతారు. ప్లేటు పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోండి. ఈ దరఖాస్తు క్లబ్బు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి ఇస్తుంది, వాళ్లు ఫీఫాకి పంపుతారు. మధ్యలో కదిలించడానికి బయటివాళ్లకు చోటే లేదు.

అనుమతి వచ్చేదాకా శిక్షణకు కూడా రావద్దన్నారు. వాడు మా ఫ్లాట్ల వెనక గ్యారేజీ గోడకు బంతి కొట్టుకుంటూ ఉండేవాడు, ఎడమ కాలు, కుడి కాలు, మధ్యలో ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూపు. వెనక ఎవరుంటారు, చెత్త డబ్బాలు తప్ప. కింది ఫ్లాట్ ఆయన చప్పుడని నోటీసు అంటించాడు. సెప్టెంబరులో మ్యాచ్‌లు మొదలయ్యాక, చూడటానికైనా వెళ్దామన్నాడు. తాడు ఇవతల నిలబడి తన వయసు పిల్లలు ఆడుతుంటే చూశాడు. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఒకటే ప్రశ్న: "అమ్మా, నువ్వు నాన్న ఇంటిపేరు పెట్టుకుని ఉంటే ఇప్పుడు నేను ఆడేవాణ్ణా?" ఆ రాత్రి నేను క్లబ్బు ఆవిడ కోసం రాసిన వివరణలో మర్యాద కొంచెం తగ్గించాను. మా ఆయన చదివి రెండు వాక్యాలు కొట్టేశాడు.

పిల్లలు ఇండియాలో పుట్టినవాళ్లు చేయాల్సింది చెబుతాను. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెళ్లి సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టుకోండి. మీ ఉద్యోగం ఆఫర్ లెటర్, వీసా వచ్చిన తేదీ కాగితం, ఇంటి అద్దె ఒప్పందం, స్కూల్ లెటర్ ఒక ఫోల్డర్‌లో ఉంచండి. ఉద్యోగం భార్యదైతే ఆ సంగతి మొదటి నిమిషంలోనే గట్టిగా చెప్పండి. వీసా కార్డులు పోయి అంతా ఆన్‌లైన్ అయ్యాక, మన వీసాని ఆన్‌లైన్‌లో చూపించే షేర్ కోడ్ అడుగుతున్నారు, అది కొన్నాళ్లకు గడువు దాటుతుంది కాబట్టి ముందే తీసి కూర్చోకండి.

వచ్చే ఆదివారం వాడి మొదటి మ్యాచ్. దిద్దిన సర్టిఫికెట్ అసలు కాపీ ఇవాళే కొరియర్‌లో ఇంటికొచ్చింది, తీరిగ్గా చదివాను. నా పేరు నిండుగా, ఒక్క తప్పు లేకుండా ఉంది. మా ఆయన ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం ఎగిరిపోయింది. క్లబ్బుకి పంపిన స్కాన్‌లోనూ అలాగే ఉందట. ఆవిడా చూడలేదు, ఫీఫా కూడా చూడలేదు. ఈసారి విడాకుల సంగతి ఎవరైనా అడిగితే జవాబు ఆయనే చెప్పుకుంటాడు.